గడప దాటని దయ్యం

బైండింగు గది,
లైబ్రరీ వెనక.

వదినా,

డాక్టరమ్మ చెప్పిన సంగతి అన్నయ్య పాలవ్యాను డ్రైవరు చేత కబురంపాడు. కాన్పయ్యేదాకా మంచం మీదే ఉండాలట. స్నానాల గదికి తప్ప గడప దాటకూడదట. ఆవిడ మాట విను. ముందు రెండుసార్లూ ఏమైందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ రాయను.

నువ్వు ఊరికే పడుకోలేవనీ తెలుసు. మా ఇంటికి వచ్చిన కొత్తలో ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో లేచి పశువుల తొట్టి కడిగిన మనిషివి. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను.

పిల్లల విభాగం నుంచి ఒక పుస్తకం బాగుచెయ్యమని నా దగ్గరకు వచ్చింది. పేరు ‘పడమటి మేడలో అతిథి’. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఇది పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు చదువుకునే పాతకాలం దయ్యం ప్రేమకథ. అట్ట ఊడింది, వెన్ను విరిగింది, ప్రతి పేజీ మూలా వేలిముద్రలే. అంటే అంతమంది చదివారన్నమాట. కుట్టు విప్పేశాను. ఇప్పుడది పుస్తకం కాదు, ఫారాల దొంతర. ఫారమంటే పదహారు పేజీల మడత. వరసగా పేర్చి వెన్ను దగ్గర కుడితే పుస్తకమవుతుంది.

నా బల్ల మీద ముందు పాత పత్రికల సంపుటాలున్నాయి కాబట్టి దీనికి తొందర లేదు. ఒక్కో ఫారం వ్యానులో పంపుతాను. చదివి వెనక్కి పంపితేనే తర్వాతది వస్తుంది. లైబ్రరీ సొత్తు, జాగ్రత్త. మీద గ్లాసు పెట్టకు. తడిచేత్తో ముట్టుకోకు. ఇంకో మడత పెట్టకు.

మొదటి ఫారం దీంతో ఉంది. నచ్చకపోయినా పడుకునే చదువు.

నీ మరదలు


వెనక గది,
మంచం మీంచి.

మరదలా,

నువ్వు పంపింది అందింది. డ్రైవరు దాన్ని ఖాళీ క్యానులో వేసి తెచ్చాడు. లైబ్రరీ సొత్తుకి జరిగిన మర్యాద అది.

నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. కొట్టంలో ఏడు ఆవులున్నాయి. నాకు దయ్యం ప్రేమకథ పంపడానికి నీకు బుద్ధుండాలి. అయినా వేరే పని లేదు కనక చదివాను. చదివి ఒళ్ళు మండి రాస్తున్నాను.

ఎవరూ లేని పిల్ల. ముసలి దొరసాని ఇంట్లో పుస్తకాలు సర్దే పనికి వర్షంలో వచ్చింది. బండివాడు గేటు దగ్గరే దింపేసి వెనక్కి చూడకుండా పోయాడు. అది చాలదా, ఇక్కడేదో తేడాగా ఉందని తెలియడానికి? లోపలికి వెళ్ళగానే తాళాలు చూసుకునే ఆవిడ, పడమటి గది తలుపు మాత్రం తియ్యొద్దని చెప్పింది. మొదటి రాత్రే వెళ్ళింది మహాతల్లి. కాళ్ళకి చెప్పుల్లేవు. రాతి మెట్లు. చేతిలో ఒక్క కొవ్వొత్తి. గాలికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తెలియదు. ఆరిపోయింది. ఆరిపోదూ మరి!

అన్ని గదుల ఇల్లు ఎవరు ఊడుస్తున్నారో రాయలేదు. పొద్దున్నే ఆ పిల్ల మంచం పక్కన పాలు మాత్రం ఉంటాయి. ఎవరు పితికారు? కొట్టం ఎక్కడుంది? ఒక్క ఆవు కూడా అరవదు. ఫిడేలు మాత్రం వినపడుతుంది.

ఇంకోటి. పదహారో పేజీ చివర, ‘ఆమె తలుపు మీద చెయ్యి వేయగానే లోపలినుంచి’ అని ఆగింది. లోపలినుంచి ఏమిటి? వాక్యం కూడా పూర్తి కాకుండా కాగితం మడిచే వాళ్ళని ఏమనాలి?

తర్వాతది పంపు. నాకేం ఆత్రం లేదు. సగంలో వదిలెయ్యడం నాకు ఏ పనిలోనూ అలవాటు లేదు, అంతే.

వదిన


బైండింగు గది.

వదినా,

లోపలినుంచి ‘దయచేసి తియ్యకండి’ అంటాడు. చూశావా, ఎంత మర్యాదస్తుడో. మీ ఆయన ఎప్పుడైనా దయచేసి అన్నాడా? మా అన్నయ్యే కనక నాకు తెలుసు, అని ఉండడు.

ఈసారి రెండు ఫారాలు పంపుతున్నాను. మొన్న నువ్వు తిప్పి పంపినదాని మీద నల్లటి గ్రీజు మరక ఉంది. ఆ గ్రీజు అన్నయ్యదేమో అనుకున్నాను, బోర్లు బాగుచేసేవాడు కదా. కాదట. డ్రైవరు నా గుమ్మంలో నిలబడి, “మేడమ్, ఆ ఫిడేలు వాయించేవాడు బతికున్నాడా చచ్చాడా?” అని అడిగాడు. దార్లో వ్యాను ఆపుకుని చదువుతున్నాడు. పాలు విరిగిపోతే నీ పేరు చెప్తానన్నాను. అయినా సిగ్గు లేదు. “తాళాలావిడ మీద నాకనుమానం మేడమ్” అని చెప్పి మరీ వెళ్ళాడు.

పాలు ఎవరు పితికారని అడిగావు. ఈ పుస్తకం అంతా వెతికినా నీకు ఆవు దొరకదు. ఇది అలాంటి పుస్తకం కాదు. ఇందులో ఎవరూ పని చెయ్యరు, అందరూ కిటికీ దగ్గర నిలబడతారు. నువ్వు కొన్నాళ్ళు కిటికీ దగ్గర కూడా నిలబడకుండా పడుకో.

డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడు చూస్తానంది? రాయలేదు నువ్వు.

మరదలు


వెనక గది.

మరదలా,

డాక్టరమ్మ వచ్చి చూసింది. అంతా బాగానే ఉందంది. అంతకంటే రాయడానికేం లేదు. ఆ సంగతి అడగొద్దు. అడిగినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

దయ్యం సంగతి రాస్తాను. అతను నాకు నచ్చాడు. ఇంత వయసొచ్చి ఈ మాట రాయాల్సి వచ్చినందుకు నీ మీద కోపంగా ఉంది. గుర్రం మీద ఇంటికొస్తూ వాగులో పడి పోయాడట. ఎవరూ వెతకలేదు, పేరు పెట్టి పిలవలేదు, అందుకని ఆ గదిలోనే ఉండిపోయాడు. గడప దాటలేడు. ఎవరైనా గడప దగ్గర నిలబడి అసలు పేరు పెట్టి పిలిస్తే విడుదలవుతాడు. విడుదలైతే మళ్ళీ కనపడడు. పేరేమో ఎవరికీ గుర్తు లేదు. ముసలి దొరసానికి గుర్తుంది, కానీ చెప్పదు. ఆవిడని పట్టుకుని నాలుగు దులపాలనిపించింది.

గడప దాటకూడదన్న జబ్బు అతనికీ నాకూ ఒకటే. అతనికి ఫిడేలైనా ఉంది.

ఈ పిల్లని చూస్తే మాత్రం చిరాకు. రోజూ వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంటుంది. అతను లోపల, తను బయట. వెళ్ళినకొద్దీ చిక్కిపోతోంది. చిక్కిపోదా? అన్నం ముట్టదు, నిద్ర లేదు, దుప్పటి కప్పుకోదు. ‘ఆమె చెక్కిళ్ళు మంచుపూలలా పాలిపోయాయి’ అని రాశారు. అది ప్రేమ కాదు, రక్తం తక్కువ. డాక్టరమ్మ నాకిచ్చిన మాత్రలు ఆ పిల్లకి పెడితే కథ అక్కడితో తేలిపోయేది.

కళ్ళు నొప్పిగా ఉన్నాయంటే మీ అన్నయ్య చదివి పెట్టాడు. “ప్రియతమా, ఈ చీకటి మన మధ్య గోడ” అన్న మాట, “ఈ పైపు మన బోరుకి పట్టదు” అన్నట్టు చదివాడు. నవ్వితే పొట్ట నొప్పి వస్తుందేమోనని భయం, నవ్వు ఆపుకోలేక చచ్చాను.

కొట్టంలో పని ఆయనే చేస్తున్నాడు. ఆరు ఆవులతో పేచీ లేదు. మొండిదే దగ్గరికి రానివ్వడం లేదు. నిండు చూలుతో ఉంది కదా, పొదుగు కుడిపక్క రాయిలా గట్టిపడింది, వేలు పెడితే వేడిగా తగులుతోంది. ఆ సంగతి ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు.

తర్వాతవి పంపు.

వదిన


బైండింగు గది.

వదినగారికి,

మీరు తిప్పి పంపిన ఫారాలు అందాయి. ఒకదాని మధ్య మడతలో గడ్డిపోచ ఉంది. పచ్చి గడ్డి. దాన్నిక్కడ బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను.

గడ్డి దానంతటది నడిచి వెనక గదిలోకి వచ్చిందా? సరే, అన్నయ్య బట్టలకి అంటుకుని వచ్చిందనుకుందాం. మరి పొదుగు వేలు పెడితే వేడిగా తగులుతోందని రాశారు. ఎవరి వేలికి తగిలింది? మా అన్నయ్యని అది దగ్గరికి రానివ్వదని మీరే రాశారు కదా.

మంచం మీద పడుకుని ఆవు పొదుగు తడిమే విద్య ఆ మేడలో దయ్యానికి కూడా లేదు.

వదినా, ఇంక మర్యాద నావల్ల కాదు. నీకేమైనా మతిపోయిందా? మొదటిసారి నువ్వు హాస్పిటల్ నుంచి వచ్చాక ఎన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదో నేను చూశాను. రెండోసారి మాట్లాడావు, కానీ ఆవులతో. పేరు కూడా అనుకుని పెట్టుకున్న బిడ్డలు వాళ్ళు. ఇంకోసారి అలా నిన్ను చూడలేను. నువ్వు పడుకుంటావని, ఆ పిచ్చి పిల్లని తిట్టుకుంటూ అయినా పడుకుంటావని నేనిక్కడ కుట్టు విప్పి ఫారాలు పంపుతుంటే, నువ్వు వాటిని చంకలో పెట్టుకుని కొట్టంలోకి వెళ్ళి చదువుతున్నావన్నమాట.

ఇంక ఫారాలు రావు. మంచం దిగడం లేదని అన్నయ్య చేత రాయించి పంపు. అప్పుడు చూద్దాం. ఆ పిల్ల గడప బయటే కూర్చుని ఉంటుంది, ఎక్కడికీ పోదు.

మరదలు


వెనక గది.

ఆడబిడ్డగారికి,

మీ అన్నయ్య చేత రాయించను. నేనేమీ బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లని కాదు.

వెళ్ళాను. లేదనను. రోజుకి ఒకసారి. నెమ్మదిగా, గోడ పట్టుకుని. స్టూలు మీద కూర్చుని మొండిదాని పొదుగుకి వేడినీళ్ళ గుడ్డ అద్ది వచ్చేస్తాను. మీ అన్నయ్యని తన్నింది. ఆయన తొడ మీద గిట్ట ముద్ర నీలంగా ఉంది. ఆయన నీకు చెప్పలేదు కదా? చెప్పడు. రెండోసారి తన్నితే మోకాలు పోతుంది. ఆయన మోకాలు పోతే ఇంట్లో మంచాలు రెండవుతాయి.

నువ్వు పట్నంలో బల్ల ముందు కూర్చుని, పడుకో పడుకో అని రాస్తావు. పడుకున్నావా ఎప్పుడైనా, నెలల తరబడి? పైకప్పులో ఎన్ని పగుళ్ళున్నాయో నాకు కంఠతా వచ్చు. కడుపులో కదలిక లేకపోతే భయం, ఉంటే ఇంకో భయం. ప్రతి చిన్న నొప్పికీ ఊపిరి బిగబట్టి పడుకోవాలి. ఆ కాసేపూ కొట్టంలో ఉంటే నేను నేనుగా ఉంటాను. అది ఒకటి. నీ కాగితాలు చదివేటప్పుడు ఒకటి. ఈ రెండే నాకున్నవి. అందులో ఒకటి నువ్వు ఆపేశావు.

మంచి పని చేశావు. ఇంక కొట్టమే మిగిలింది.

పేరు లేని దయ్యం ఏమయ్యాడో నాకక్కర్లేదు. అతను ఎటుపోతే నాకేం.

వదిన


బైండింగు గది.

వదినా,

అక్కర్లేకపోతే మరీ మంచిది. నేనూ పంపను. నీకంత పట్టుదల ఉంటే నాకూ ఉంది. నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే.

అన్నయ్య కాలికి రాసుకోమని మందు పంపుతున్నాను. మందు మాత్రమే.

మరదలు


హాస్పిటల్,
ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం.

మరదలా,

పెన్ను లేదు. నర్సు దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని రాస్తున్నాను. తిట్టడానికి సిద్ధంగా ఉంటావు, ముందు సంగతి విను.

మొండిది మధ్యాహ్నం ఈనడం మొదలుపెట్టింది. ఒక కాలు బయటికి వచ్చింది, రెండోది రాలేదు. లోపల మడత పడింది. మీ అన్నయ్య పశువుల డాక్టరు కోసం పరిగెత్తాడు. “నేనొచ్చేదాకా కదలొద్దు. నీకు దణ్ణం పెడతాను, కదలొద్దు” అని చెప్పి మరీ వెళ్ళాడు. కదలలేదు. మంచం మీదే ఉన్నాను. చేతిలో చదవడానికి ఏమీ లేదు, వినడానికి దాని అరుపు ఒక్కటే ఉంది. చెవులు మూసుకున్నాను. మూసుకున్నా వినపడుతోంది. ఆ అరుపు నాకు తెలుసు. ఇంక ఆగదని తెలుసు.

వెళ్ళాను. చెయ్యి పెట్టి కాలు సరిచేసి లాగాను. పెయ్యదూడ. బతికింది. గోడకానుకుని నిలబడి దాన్ని చూస్తుంటేనే నాకు తడిగా తగిలింది. చూసుకుంటే రక్తం.

డాక్టరూ మీ అన్నయ్యా ఒకేసారి వచ్చారు. పశువుల డాక్టరు నన్ను చూసి, “నా జీపు ఎక్కండమ్మా” అన్నాడు. ఆయన జీపులోనే ఇక్కడికి తెచ్చారు. దారంతా మీ అన్నయ్య పక్కనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రక్తం ఆగింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని చెప్పారు. ఇంక కాన్పయ్యేదాకా ఇక్కడే. మంచానికి రెండువైపులా కడ్డీలు పెట్టారు. గడప దాకా పోవడం కాదు, పక్కకి తిరగాలన్నా నర్సుని పిలవాలి.

నన్ను తిట్టదలుచుకుంటే ఒక్క ఉత్తరంలో తిట్టెయ్. తిట్టాక ఆ ఫారం పంపు.

వదిన


బైండింగు గది.

వదినా,

తిట్టను. తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో రాస్తాను.

ఈ కవరులో ఉన్నది నా దగ్గరున్న ఆఖరి ఫారం. కథకి ఆఖరిది కాదు. దీని తర్వాత ఇంకోటి ఉండాలి. అది లేదు. ఎవరో ఎప్పుడో చింపుకుపోయారు, లేక ఊడి పడిపోయింది. కుట్టు విప్పిన రోజే చూశాను. అప్పుడే నీకు చెప్పి వేరే పుస్తకం పంపాల్సింది. కానీ ఆ బల్ల మీద ఉన్నవాటిలో నిన్ను మంచం మీద ఆపగలిగేది ఇదొక్కటే అనిపించింది. మిగతావి ఎరువుల గురించి, పన్నుల గురించి. నీకు చివరికొచ్చేలోగా ఇంకో ప్రతి దొరుకుతుందిలే అనుకున్నాను. తెలిసిన లైబ్రరీలన్నిటికీ రాశాను. కొందరు లేదన్నారు. ఒకాయన ఉందన్నాడు. తెప్పించి చూస్తే అందులోనూ చివరి పేజీలు లేవు. పిల్లలు చివరి పేజీలే ఎక్కువసార్లు చదువుతారు, అందుకని అవే ముందు పోతాయి.

గడ్డిపోచ చూసి కోపం వచ్చిన మాట నిజం. కానీ కోపం రాకపోయినా ఏదో ఒక వంక పెట్టి ఆపేదాన్ని. ఈ ఒక్కటీ పంపేస్తే నా దగ్గర ఇంకేమీ మిగలదు. ఆ భయాన్ని నీ మీద కోపంగా మార్చుకున్నాను. నేను పంపి ఉంటే ఆ మధ్యాహ్నం నీ చేతిలో ఇది ఉండేది. వెళ్ళేదానివి కాదని అనను. నువ్వు వెళ్ళేదానివే. కానీ ఉండేది.

దూడ ఎలా ఉంది? అన్నయ్య తిన్నాడా? నువ్వు బయటికి ఎంత చిరాకు పడినా పడు, లోపల భయపడకు. ఈ మాట ఎలా రాయాలో నాకు తెలియదు, అందుకని ఇలా రాశాను.

నీ మరదలు


ఆడవాళ్ళ వార్డు.

మరదలా,

నీ ఆఖరి ఫారం చదివాను. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు నిన్ను తిట్టాను. పక్క మంచం ఆవిడ అడిగితే ఆవిడకీ చెప్పి తిట్టాను. చివర లేదని తెలిసి మనిషికి కథ మొదలుపెట్టించడం ఏం పని? ఈ సంగతి నాకు రోజూ పొద్దున్నే గుర్తొస్తోంది, రోజూ పొద్దున్నే కొత్తగా కోపం వస్తోంది.

ఫిడేలు లోపలి చెక్క మీద ఆ పిల్ల అతని పేరు చూసింది. ఇన్నాళ్ళకి తెలిసింది. మనకి మాత్రం చెప్పలేదు, ‘ఆమె ఆ పేరు చదివింది’ అని రాసి ఊరుకున్నారు. చదివి మెట్లెక్కింది. ఈసారి చెప్పులు వేసుకుందని నేను గమనించాను, నువ్వు గమనించావో లేదో. గడప దగ్గర నిలబడింది. అతను లోపల నిలబడ్డాడు. పిలిస్తే అతను పోతాడు. పిలవకపోతే నీరసించి తను పోతుంది. నోరు తెరిచింది. అంతే. పేజీ అయిపోయింది.

ఇదేం న్యాయం? ఇద్దరిలో ఒకరు పోవలసిందేనా? రాసినవాళ్ళు ఎదురుగా ఉంటే అడుగుదును.

వార్డంతా ఈ కథ తెలిసిపోయింది. పక్క మంచం ఆవిడ తపాలా ఆఫీసులో పని చేస్తుంది. ఆవిడ చిన్నప్పుడు చదివిందట. “అతను దయ్యమే కాదండీ, పోయినవాడి తమ్ముడు, దాక్కున్నాడు. చివర్లో పెళ్ళి చేసుకుంటారు” అంది. రాత్రి డ్యూటీ నర్సు నవ్వి, “ఏం కాదు, ఆ అమ్మాయి కూడా చచ్చిపోయి ఇద్దరూ ఫిడేలు వాయిస్తారు, నేను ఏడ్చాను కూడా” అంది. నేల తుడిచే ఆవిడ చీపురు ఆపి, “ఇద్దరికీ తెలీదు. పిల్ల వకీలుని చేసుకుంటుంది. అతనికి పొలాలున్నాయి” అంది. అప్పటినుంచి ముగ్గురికీ మాటల్లేవు. ముగ్గురూ చదివామనే ఒట్టేసి చెప్తున్నారు. ముగ్గురూ చదివినవీ చివర లేని పుస్తకాలేనని నా అనుమానం.

మీ అన్నయ్య రోజూ వస్తున్నాడు. దూడ బాగుంది, మొండిది ఇప్పుడు ఆయన్ని తన్నడం మానేసిందట. ఈ బుద్ధి ముందే వచ్చి ఉంటే నేనిక్కడుండేదాన్ని కాదు. ఆవైనా, ఆడబిడ్డైనా, అన్నీ అయ్యాకే దారికొస్తారు.

నీ మీద కోపం పోలేదు. కానీ ఆ మధ్యాహ్నం సంగతి నీ నెత్తిన వేసుకోకు. వెళ్ళింది నేను. నీ కాగితం నా చేతిలో ఉన్నా దాన్ని పరుపు కింద పెట్టి వెళ్ళేదాన్ని.

వదిన


బైండింగు గది.

వదినా,

నీ దగ్గరనుంచి కవరు రాక చాలా రోజులైంది. అన్నయ్య ఇంటికి రావడం లేదని, పాలు పొరుగాయన పితుకుతున్నాడని డ్రైవరు చెప్పాడు. అంతకుమించి అతనికీ తెలియదు. నేనిక్కడ ఏ పనీ చెయ్యలేక ఈ పుస్తకం కుట్టడం మొదలుపెట్టాను.

పేజీలు పోయిన చోట అన్నే తెల్ల కాగితాలు పెట్టి కుట్టడం మా పద్ధతి. ఎప్పుడైనా ఇంకో ప్రతి దొరికితే వాటి మీద రాసి పెట్టొచ్చని. లైబ్రేరియన్‌ని అడిగితే ఆవిడ, “పిల్లల పుస్తకమే కదా, ఉన్నవాటిలో చివరి రెండు పేజీలూ తీసేసి సమాప్తం అని అచ్చేయించు” అంది. ఆవిడతో వాదించాను. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి. తెల్ల కాగితాలు పెట్టాను. పదహారు పేజీలూ. అట్ట ఇంకా వెయ్యలేదు.

ఒక్క ముక్క రాయి. బాగున్నావనో, లేదనో, నన్ను తిడుతూనో. ఈసారి నేను ఏ మాటా అడగను. రేపటి వ్యానులో నేనే వస్తున్నాను. ఈ ఉత్తరం కంటే ముందు నేనే వస్తే దీన్ని చింపెయ్.

మరదలు


హాస్పిటల్,
పిల్లల గది ముందు వరండా.

మరదలా,

నువ్వు వచ్చి చూసి వెళ్ళాక నీ ఉత్తరం వచ్చింది. చింపలేదు. నువ్వు వచ్చినప్పుడు నేను సగం మత్తులో ఉన్నాను కనక నీకు చెప్పనివి రాస్తున్నాను.

ఇంకా నెల ఉండగానే పుట్టింది. ఆడపిల్ల. నువ్వు అద్దంలోంచి చూశావు కదా, ఎంత ఉందో. నిండిన పాలచెంబు ఇంతకంటే బరువుంటుంది. ఆ గదిలోకి నన్ను రానివ్వరు. గుమ్మం దగ్గర నేల మీద పసుపు గీత ఉంది. తల్లులు ఆ గీత అవతల నిలబడి చూడాలి. లోపల అద్దం పెట్టెలో అది. బయట నేను. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారోగాని వాళ్ళు ఆ పుస్తకం చదివే ఉంటారు.

మొదటి రోజు కదలిక లేదు. రెండో రోజు నర్సు, “గొంతు వినపడితే వాళ్ళకి మంచిదమ్మా, పేరు పెట్టి పిలవండి” అంది. పేరెక్కడిది? ముందు రెండుసార్లూ నెలల ముందే పేర్లు అనుకున్నాం. ఈసారి నేనూ మీ అన్నయ్యా ఆ మాటే ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో అని ఆయన, ఎత్తకపోతేనైనా ఉంటుందేమోనని నేను. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు కూడా.

గీత దగ్గర నిలబడి నోరు తెరిచాను. ఏమనాలో తెలియలేదు.

“ఏయ్” అన్నాను. కొట్టంలో మొండిదాన్ని కేకేసే గొంతే వచ్చింది, ఇంకో గొంతు నాకెక్కడిది. నర్సు ఉలిక్కిపడింది. మీ అన్నయ్య, “మెల్లిగా, మెల్లిగా” అన్నాడు.

పెట్టెలో కాలు కదిలింది. ఒకటే, కుడికాలు. తర్వాత చిరాకుగా మొహం పెట్టింది. ఆ మొహం చూసి మీ అన్నయ్య, “అచ్చం నువ్వే” అన్నాడు.

డాక్టరమ్మ ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు. అడిగితే, రేపు చూద్దాం అంటుంది. ఇవాళ చుక్కల గొట్టంతో నిన్నటికంటే కొంచెం ఎక్కువ పాలు తాగింది. నేను పూటపూటా వెళ్ళి గీత దగ్గర నిలబడి అదే కేక వేస్తున్నాను. వార్డులో అందరికీ అలవాటైపోయింది.

తెల్ల కాగితాలు పెట్టి మంచి పని చేశావు. ఇన్నాళ్ళలో నువ్వు చేసిన మంచి పని అదొక్కటే. వాటి మీద ఎవర్నీ ఏమీ రాయనివ్వకు. ఆ పిల్ల గడప దగ్గర పేరు పెట్టి పిలిచి ఉండదు. ఏదో అని ఉంటుంది. అతను తల తిప్పి చూసి ఉంటాడు. నాకంతవరకు చాలు.

ఇక్కడ వరండాలో కూర్చోవడానికి బెంచీ ఒకటి ఉంది. ఎన్నాళ్ళు కూర్చోవాలో తెలియదు. ఇంకో పుస్తకం పంపు. మేడ ఉన్నా ఫరవాలేదు, దయ్యం ఉన్నా ఫరవాలేదు. చివర ఉందో లేదో మాత్రం ముందు నువ్వు చూసుకుని పంపు.

వదిన